కుటుంబ సభ్యత్వం

"ఎలాగూ వంటింట్లోనే ఉంటావుగా, ఆ జర్మన్ పేర్లు ఎలా పలకాలో కాస్త పెద్దక్షరాలతో రాసివ్వు మల్లీ," అన్నాడు కృష్ణప్రసాద్, ఫ్రిజ్‌కి ఆనుకుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ.

నాగమల్లేశ్వరి చేతులు మణికట్టు దాటి చింతపండు గుజ్జులో ఉన్నాయి. నూట ఇరవై మందికి పులిహోర. సింగపూరు క్లెమెంటిలో వాళ్ళుండే ఫ్లాట్ వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు వెనక్కి తిరగడానికి ఉండదు. అందులోనే జురాంగ్ ఈస్ట్‌లో ఉండే స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చిన పెద్ద బేసిన్, దాని ముందు పీట వేసుకుని ఆమె, దారికి అడ్డంగా ఆయన. సాయంత్రం నాలుగింటికి తెలుగు సంఘం వార్షిక సభ. ముఖ్య ఉపన్యాసం ఆయనదే. రెండువందల ఏళ్ళ కిందటి జర్మన్ స్వరకర్త ఫానీ మెండెల్సన్, ఆమె బాల్యం, తొలి రచనలు. పన్నెండు పేజీలు. అందులో ప్రతి అక్షరం రాసింది నాగమల్లేశ్వరి.

"బాచ్ అనాలా, బాక్ అనాలా?"

"బాఖ్."

"ఏదో ఒకటిలే. ఇక్కడెవడికి తెలిసి ఏడ్చింది."

పుల్ల చివర ఏమొచ్చిందో చూసుకుని, దాన్ని సింకులో పడేసి వెళ్ళిపోయాడు. ఆ సింకులోనే ఆమె బియ్యం కడగాలి. లేచి, చేతులు కడుక్కుని, పుల్ల తీసి చెత్తలో వేసి, సింకు రుద్ది, మళ్ళీ వచ్చి కూర్చుంది. రోత పుట్టింది. ఈమధ్య తరచుగా పుడుతోంది ఆ రోత. పెళ్ళైన కొత్తలో అయితే కోపం వచ్చేది. అరిస్తే, ఏడిస్తే, రెండు రోజులు మాట్లాడ్డం మానేస్తే ఎదుటి మనిషి మారతాడన్న ఆశ ఉన్నన్నాళ్ళే కోపం. ఇప్పుడొస్తున్నది మూడు రోజుల కిందటి సాంబారు గిన్నె మూత తీసినప్పుడు వచ్చేలాంటిది. మొహం తిప్పుకోవాలనిపిస్తుంది, అంతే. తిప్పుకుని ఎటు చూడాలో తెలియక మళ్ళీ చింతపండు పిసకడం మొదలుపెట్టింది.

ఆమె హైదరాబాదులో జర్మన్ ఎం.ఏ. చేసిన మనిషి. పెళ్ళిచూపుల్లో అత్తగారు బాలనాగమ్మ "జర్మనా? పోన్లే, ఇంగ్లీషు కూడా వచ్చుగా" అని తనే ఓదార్చింది. సింగపూరు వచ్చాక భర్త ఉద్యోగాన్ని పట్టుకుని వచ్చే డిపెండెంట్ పాస్ మీద కొన్నేళ్ళు, ఆ తర్వాత వన్-నార్త్‌లో ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పేటెంట్లు అనువదించడం. వాల్వులు, గేర్లు, గుండె రక్తనాళంలో పెట్టే స్టెంట్లు. కాగితం కింద కంపెనీ ముద్ర పడుతుంది, తర్జుమా చేసినవాళ్ళ పేరు పడదు. మెదడు ఇంజనీర్లదీ చేయి మాత్రం నీదీ అని మేనేజరు ఒకసారి మెచ్చుకున్నాడు కూడా. ఆమె నవ్వి ఊరుకుంది. ఇంట్లో ఆ పనికున్న పేరు "మల్లి టైంపాస్". వేవిళ్ళప్పుడు, అత్తగారి మోకాలి ఆపరేషనప్పుడు, కూతురి పరీక్షలప్పుడు ముందుగా ఆగిపోయేది టైంపాసే కదా.

ఫానీ ఆ ఇంట్లోకి కూతురి పియానో మీదుగా వచ్చింది. అలేఖ్యకి పద్నాలుగేళ్ళప్పుడు టీచరు ఒక చిన్న స్వరరచన ఇచ్చింది. "మమ్మీ, దిస్ వన్ ఈజ్ బై ద సిస్టర్. ఫేమస్ వాడు బ్రదర్," అంది అలేఖ్య. ఆ అక్క ఎవరా అని చూడబోయి, నాగమల్లేశ్వరి ఆ ఇంటి ఉత్తరాల్లో పడింది. పేటెంట్ల జర్మన్‌కి ఎండిపోయిన నాలుకకి ఆ ఉత్తరాలు మంచినీళ్ళు. తెల్లవారుజామున ఐదింటికి, టిఫిన్ డబ్బాలు కట్టేలోపు, డైనింగ్ టేబుల్ మీద ఒక మూల. ఫానీ పుట్టగానే బిడ్డ వేళ్ళు చూసి తల్లి, ఇవి బాఖ్ సంగీతం వాయించే వేళ్ళని మురిసిపోయిందట. పదమూడో ఏట తండ్రికి కానుకగా బాఖ్ రాసిన ఇరవై నాలుగు ప్రెల్యూడ్లు, అంటే చిన్న చిన్న స్వరరచనలు, పుస్తకం చూడకుండా వాయించిందట. తమ్ముడు ఫెలిక్స్‌కీ ఆమెకీ ఒకరే గురువు, ఒకటే చదువు. ఆ తర్వాత ఒకనాడు తండ్రి ఉత్తరం రాశాడు. సంగీతం తమ్ముడికైతే వృత్తి కావచ్చు, నీకు మాత్రం ఎప్పటికీ అలంకారమేనని. అక్కడ నాగమల్లేశ్వరి రెండు రోజులు ఆగిపోయింది. ముస్తాబు అనాలా, సొగసు అనాలా, నగ అనాలా అని తెగక, కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ ఆ ఒక్క మాటకోసం వెతుక్కుని, చివరికి అలంకారం దగ్గర నిలబడింది. అలంకారం తీసేస్తే మనిషికి ఏమీ కాదు, అందుకని.

వ్యాసం పూర్తి కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఫానీ రాసిన పాటలు మూడు ఒక సంపుటంలో, మూడు ఇంకో సంపుటంలో తమ్ముడి పేరుతోనే అచ్చయ్యాయి. ఇంగ్లండు రాణి ఆయన ముందు తనకి నచ్చిన పాట ఒకటి పాడితే, అది మా అక్క రాసిందని ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్కడిదాకా వచ్చాక ఎందుకో నాగమల్లేశ్వరికి నవ్వాగలేదు. పొద్దున్నే ఒంటరిగా నవ్వుతున్న కోడల్ని చూసి బాలనాగమ్మ భయపడి విభూతి పెట్టింది.

సంఘం సంచికకి పంపుదామనుకుంది. అక్కడే వచ్చింది తంటా. ఆ సంఘంలో భార్యకి వేరే సభ్యత్వం ఉండదు. ఇంటికొకటే, కుటుంబ సభ్యత్వం. చేరినప్పుడు ఫారంలో మొదటి గడిలో మగవాడి పేరు రాశారు అందరూ. సంచికకి రచన పంపాలన్నా, పిల్లల డాన్సుకి పేరివ్వాలన్నా, చివరికి భోజనాల కూపన్లకైనా ఆ సభ్యత్వం నంబరే కొట్టాలి. నంబరు కొడితే పేరు దానంతటదే పడుతుంది. ఆమె నంబరు కొట్టింది, నలభై పేజీల వ్యాసం పెట్టింది, పంపింది. రెండు వారాల తర్వాత ప్రూఫు వచ్చింది. ఫానీ మెండెల్సన్, కింద రచన: కృష్ణప్రసాద్.

"సిస్టంలో నా పేరే ఉంది, నేనేం చెయ్యను? విశ్వనాథం గారికి చెప్పి మార్పిస్తాలే," అన్నాడు.

విశ్వనాథం గారు సంఘం అధ్యక్షుడూ, సంచిక సంపాదకుడూ. ఆయనకి వ్యాసం తెగ నచ్చింది. నచ్చి, ఆఫీసుకి ఫోన్ చేసి, మీలో ఇంత లోతుందనుకోలేదండీ ప్రసాద్ గారూ, వార్షిక సభలో మీరే మాట్లాడాలి అన్నారు. ఆ లోతులోనే కృష్ణప్రసాద్ మునిగిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటూ, కళ్ళు కలపకుండా చెప్పాడు: "అంత పెద్దాయన మెచ్చుకుంటుంటే మధ్యలో కాదని ఎలా అంటాను? అయినా వ్యాసం నా పేరున ఉండగా మాట్లాడేది నువ్వైతే బావుండదు. నీకు స్టేజీ అంటే భయం కూడానూ."

ఆమెకి స్టేజీ అంటే భయమని ఆమెకి అప్పుడే తెలిసింది.

బాలనాగమ్మ కలగజేసుకుంది. "పేరులో ఏముందే అమ్మాయ్? మా ఆయన పేరు నేను ముప్ఫయ్యేళ్ళు నోటితో అనలేదు. మీ మావయ్య ఊళ్ళో పురాణం చెబుతుంటే జనం విరగబడేవాళ్ళు. ఆయనకి చత్వారం. ముందురోజు మధ్యాహ్నం అంతా చదివి, ఎక్కడ ఆపాలో, ఎక్కడ నవ్వించాలో చెప్పేదాన్ని నేను. ఏనాడైనా నా పేరెత్తారా? నేనడిగానా?" ఆ మాటంటున్నప్పుడు అత్తగారి మొహంలో గర్వం తప్ప ఇంకేమీ లేదు. అది చూడలేకపోయింది నాగమల్లేశ్వరి. బట్టలు ఆరేయాలనే నెపంతో లేచి వెళ్ళింది.

సాయంత్రం నాలుగింటికి హాలు నిండింది. ముందు వరసలో కుర్చీల మీద కమిటీవాళ్ళు పొద్దుటే టిష్యూ పాకెట్లు పెట్టి చోప్ చేసుకున్నారు. ఇక్కడ పాకెట్టు పెడితే కుర్చీ తమదైనట్టే. ఆడవాళ్ళు వెనక, వడ్డన బల్లల దగ్గర. నాగమల్లేశ్వరి పట్టుచీర మీద ఏప్రన్ కట్టుకుని, పులిహోర ట్రేల మీద రేకులు విప్పుతూ నిలబడింది. కృష్ణప్రసాద్ మైకు ముందుకొచ్చాడు. కొత్త సిల్కు కుర్తా. గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో వారం రోజులు బాత్రూములో అదే సవరింపు విని విని ఆమె చెవులు చిల్లులు పడ్డాయి.

బాగా చదివాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఆమె ఎక్కడ ఆగమని గీత గీసిందో అక్కడ ఆగాడు, ఎక్కడ చిన్నగా నవ్వమందో అక్కడ నవ్వాడు. పదమూడేళ్ళ పిల్ల తండ్రి కోసం వాయించిన ఘట్టంలో ఎవరో ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాగమల్లేశ్వరికి ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది. అవి తన మాటలు. నూట ఇరవై మంది వింటున్నారు. ఆ పులకరింత మీద వెంటనే తనకే చీదరేసింది, ఎంగిలి మెతుక్కి ఆశపడ్డట్టు.

తమ్ముడి పేరుతో అక్క పాటలు అచ్చైన దగ్గరికి వచ్చాక కృష్ణప్రసాద్ కాగితం పక్కన పెట్టాడు. అక్కడ నాగమల్లేశ్వరి రాసింది రెండే రెండు వాక్యాలు, రాయడానికి వారం పట్టినవి. వాటిని వదిలేసి, చేతులు చాచి, సొంత కవిత్వం అందుకున్నాడు.

"దీన్ని కొంతమంది అన్యాయం అంటారండీ. నేనలా చూడను. కుటుంబమన్నాక ఎవరి పేరైతే ఏమిటి? అక్క ప్రేమ అది. త్యాగం అది. మన ఆడవాళ్ళలో ఈ రోజుకీ ఆ సంస్కారం ఉంది. వాళ్ళు పేరడగరు."

చప్పట్లు మోగిపోయాయి. ముందు వరసలో విశ్వనాథం గారు లేచి నిలబడి మరీ కొట్టారు. వడ్డన బల్ల దగ్గరున్న ఆడవాళ్ళు కూడా గరిటెలు కింద పెట్టి కొట్టారు. నాగమల్లేశ్వరి మాత్రం గరిటె వదల్లేదు. పద్నాలుగు నెలలపాటు తెల్లవారుజామున లేచి ఆమె ఏ మాట చెప్పడానికి ఇదంతా రాసిందో, సరిగ్గా దానికి ఎదురు మాట ఆమె గొంతు మీదే నిలబడి చెప్పాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఎవరి త్యాగాన్నో ఎంత ధారాళంగా పంచిపెట్టాడు!

ప్రశ్నల సమయంలో వెనక వరస నుంచి ఒక అమ్మాయి లేచింది. యూనివర్సిటీ సంగీత విభాగం లైబ్రరీలో పనిచేస్తున్నాననీ, పేరు గీతాంజలి అనీ, వరంగల్ అనీ చెప్పుకుంది. "సర్, వ్యాసం మస్తుగుంది. ఫాదర్ లెటర్‌ల అలంకారం అని రాసిన్రు గదా, జర్మన్‌ల అది ఏం మాట సర్?"

కృష్ణప్రసాద్ కాగితం వంక చూశాడు. అది కాగితంలో లేదు. చూపు హాలంతా తిరిగి, వెనక బల్ల దాకా వచ్చి, భార్య మొహం మీద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వెళ్ళిపోయింది. నవ్వాడు.

"దాదాపు అలంకారమేనమ్మా. వాళ్ళ భాష అంతా మన సంస్కృతం నుంచి వెళ్ళిందే కదా!"

ఈసారి చప్పట్లు ఇందాకటికంటే ఎక్కువ. ఎవరో ఈల కూడా వేశారు. త్సియర్డె, అంది నాగమల్లేశ్వరి. లోపలే అంది. పెదవి కదిలిందో లేదో తెలియదు. గరిటె చేతిలో ఉంది, ఆ జర్మన్ మాట నాలుక మీద ఉంది, గీతాంజలి పది అడుగుల దూరంలో ఉంది. అయినా నోరు పెగల్లేదు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ చెయ్యి అడ్డం పెట్టకుండానే మూసుకోవడం నేర్చుకున్న నోరు అది. ఆ పూట ఆమెకి అన్నిటికంటే ఎక్కువ రోత పుట్టింది ఆ నోటి మీదే.

చివర్న విశ్వనాథం గారు వందన సమర్పణలో "శ్రీమతి కృష్ణప్రసాద్ గారి పులిహోర" అన్నారు. జనం నవ్వుతూ లేచి ప్లేట్లు పట్టుకున్నారు.

ఇంటికి బస్సులో వచ్చారు. కృష్ణప్రసాద్ ముందు సీట్లో ఫోన్లో అభినందనలు చదువుకుంటున్నాడు, పక్కన తల్లి వింటోంది. వెనక సీట్లో ఖాళీ ట్రేలు ఒళ్ళో పెట్టుకుని నాగమల్లేశ్వరి, కిటికీ వైపు అలేఖ్య. ఇప్పుడు దానికి పదహారు. చాలాసేపు అటే చూస్తూ కూర్చుని, తల తిప్పకుండానే అంది.

"అట్లీస్ట్ ఆ ఫెలిక్స్‌కి మ్యూజిక్ వచ్చు కదా మమ్మీ."

నాగమల్లేశ్వరి జారుతున్న ట్రేలు సర్దుకుంది.

"డాడీకి ఏమొచ్చు? అండ్ యూ జస్ట్ స్టాండ్ దేర్, ఇస్తూనే ఉంటావ్. సో డిస్గస్టింగ్, సీరియస్లీ." అలేఖ్య ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది.

డిస్గస్టింగ్ అన్నది తండ్రినా తల్లినా అని అడగాలనిపించింది. అడగక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఆ రోత తన ఒక్కదాని కడుపులోనే ఉందనుకుంది. పిల్ల కూడా అదే తింటోందన్నమాట, రోజూ, డబ్బాలో కట్టి పంపిన అన్నంతో పాటు. తండ్రిని చూసి మగవాళ్ళంటే అసహ్యం, తల్లిని చూసి ఆడదై పుట్టినందుకు అసహ్యం. బాలనాగమ్మ తనకి గర్వం అనుకుని ఇవ్వబోయింది ఇదే. తను కూతురికి ఏమనుకుని ఇస్తోంది? ట్రేల అంచులు మోకాళ్ళకి ఒత్తుకుంటున్నా కదలకుండా కూర్చుంది.

సోమవారం గీతాంజలి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, సంచికలో వేసిన కృష్ణప్రసాద్ చిరునామాకి. వచ్చే శుక్రవారం తమ విభాగంలో గంటసేపు మాట్లాడాలి. ఉత్తరాలు జర్మన్‌లోనే చదివి, ఇంగ్లీషులో వివరించాలి. ఆ వ్యాసాన్ని ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చే ఆలోచన కూడా ఉంది. పద్నాలుగు నెలల పని పేరు లేకుండా పోతుందా, ఎప్పటికీ వేరే పేరుతో అట్టకెక్కుతుందా అన్నది ఆ శుక్రవారంతో తేలిపోతుంది. కృష్ణప్రసాద్ ఆఫీసు నుంచి ఎగురుకుంటూ వచ్చాడు. సోఫాలో కూర్చుని, పాదం ఒళ్ళో వేసుకుని, గోరు గిల్లుకుంటూ పథకం చెప్పాడు.

"అంతా ఆలోచించేశా మల్లీ. నేను ఇయర్‌బడ్ పెట్టుకుంటా. నువ్వు వెనక కూర్చుని, ప్రశ్నలొస్తే ఫోన్లో చెప్పు. జర్మన్ ఉత్తరాలు నీ గొంతుతో ముందే రికార్డు చేసెయ్. నేను బటన్ నొక్కుతా. ఆడగొంతు కాబట్టి అచ్చం ఆ ఫానీయే చదువుతున్నట్టు ఉంటుంది. ఎలా ఉంది ఐడియా?"

"అబ్బ, నా కొడుకు బుర్రే బుర్ర," అంది బాలనాగమ్మ, మోకాలికి నూనె రాసుకుంటూ.

గోరు ముక్క తెగి తివాచీ మీద పడింది. నాగమల్లేశ్వరి దాని వంక చూసింది. రేపు వాక్యూమ్ పెట్టేటప్పుడు తనే తీయాలి. చచ్చిపోయిన ఫానీకి గొంతు కావాలట, ఆ గొంతు మల్లిదట, బటన్ నొక్కే వేలు మాత్రం ఆయనదట. ఇంతకాలం ఇలాంటిది ఏదన్నా అంటే కడుపులో తిప్పేది. ఈసారి తిప్పలేదు. కడుపు చల్లగా, శుభ్రంగా ఉంది, వాంతి అయిపోయాక ఉన్నట్టు. ఫానీ నలభయ్యో ఏట తన పాటలు తన పేరుతోనే అచ్చువేయించింది. తమ్ముడికి ఉత్తరం రాసింది గానీ, అది వేయనా వద్దా అని అడగడానికి కాదు, వేస్తున్నానని చెప్పడానికి. ఏడాది తిరక్కుండానే పోయింది. నాగమల్లేశ్వరికి నలభై మూడు.

"మరి ఆ అమ్మాయికి జవాబివ్వాలిగా," అంది.

"అదే చెప్తున్నా. నువ్వే కొట్టు. థాంక్యూ, సంతోషంగా ఒప్పుకుంటున్నా అని, కాస్త గ్రాండ్‌గా."

ఆయన మెయిళ్ళన్నీ ఆమే రాస్తుంది. బాసుకి సెలవు చీటీల దగ్గర్నుంచి తమ్ముడి పెళ్ళి శుభాకాంక్షల దాకా. లాప్‌టాప్ తీసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. ఆయన మెయిల్ మూసేసి, తనది తెరిచింది. గీతాంజలి చిరునామా కొట్టింది. దాని పక్కన విశ్వనాథం గారిది. దాని పక్కన భర్తది. అలేఖ్య పియానో ముందు కూర్చుని ఒకే చోట తప్పుతూ, మళ్ళీ మొదలుపెడుతూ ఉంది. నాలుగు వాక్యాలు రాయడానికి రెండు నిమిషాలు పట్టింది.

"పంపావా?"

"పంపాను. మీకూ ఒక కాపీ పెట్టాను."

ఫోన్ మోగింది. కృష్ణప్రసాద్ నవ్వుతూ తెరిచి, పైకి చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. ఫానీ మెండెల్సన్ వ్యాసం రాసింది నేను. కృష్ణప్రసాద్ గారికి జర్మన్ రాదు. శుక్రవారం వచ్చి మాట్లాడేది నేను. విశ్వనాథం గారు వచ్చే సంచికలో ఈ సవరణ వేయగలరు. కింద నాగమల్లేశ్వరి అని, ఆ ఒక్క పేరే.

పియానో ఆగింది. బాలనాగమ్మ నూనె చేత్తో అలాగే ఉండిపోయింది. కృష్ణప్రసాద్ మొహంలో రంగులు మారాయి. అరుస్తాడనుకుంది నాగమల్లేశ్వరి. అరవలేదు. కాసేపు ఫోన్ వంకా, కాసేపు ఆమె వంకా చూసి, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ లాప్‌టాప్ ఆమె వైపే ఇంకాస్త జరిపాడు.

"ఇప్పుడు విశ్వనాథం గారు ఫోన్ చేస్తే నేనేం చెప్పుకోను మల్లీ? ఏదో ఒక సంజాయిషీ... నువ్వే కాస్త డ్రాఫ్ట్ చెయ్యి."

నాగమల్లేశ్వరి లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి, కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"అది మాత్రం మీరే రాసుకోండి."